పాత సామాన్ల బండిని కాలనీలోకి రానివ్వాలా? అంగడి నడిపినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దాటాక ఉన్న మీ కాలనీలోకి ఇకమీదట పాత సామాన్ల బండ్లు రాకూడదని అసోసియేషన్ వాళ్లు తీర్మానం పెట్టబోతున్నారు. తూకంలో మోసం చేస్తారు, దొంగతనాలకు ఇళ్లు చూసుకుని పోతారు, ఎలాగూ చెత్త బండి వస్తోంది కదా అన్నవి వాళ్లు చెప్పిన కారణాలు. మీకది సబబుగా అనిపించలేదు, కానీ మీటింగులో ఏం మాట్లాడాలో తోచలేదు.

మా నాయన పెట్టిన పాత సామాన్ల అంగడిని వన్‌టౌన్‌లో చాలా ఏళ్లు నేనే నడిపాను. ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. పొద్దున బండ్లు కదిలేటప్పుడు చేతికి డబ్బివ్వడం, సాయంత్రం సరుకు దించుకుని తూకమేసి లెక్క కట్టడం నా పని. అందుకే మీ గేటు బయట ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్తున్నాను: బండ్లను ఆపకండి. వచ్చేది ఎవరో తెలుసుకుని, వాళ్లకు ఎలా అమ్మాలో తెలుసుకుంటే మీ మూడు భయాల్లో రెండు పోతాయి.

మూడో మాట, అంటే చెత్త బండి సంగతి, ముందు చూద్దాం. పేపరైనా, అట్టపెట్టె అయినా, ప్లాస్టిక్ డబ్బా అయినా విడిగా, పొడిగా ఉన్నంతవరకే సరుకు. దాని మీద అన్నం మెతుకులు, టీ పొడి, కూరగాయల తొక్కలు పడ్డాయంటే అది చెత్త. తడిసి ముద్దయిన పేపరును పెద్ద వ్యాపారి ముట్టుకోడు, ముట్టుకున్నా తడికి తరుగు తీస్తాడు. నూనె అంటిన అట్టను చించి పారేయాల్సిందే. చెత్త బండి పని వీధిని శుభ్రం చేయడం, అది చాలా అవసరమైన పని. కానీ ఒకదాని మీద ఒకటి పడిన సరుకును మళ్లీ విడదీయాలంటే ఊరి చెత్త పోసే గార్గేయపురం యార్డు దగ్గర ఎవరో ఒకరు కుళ్లు వాసనలో, గాజు పెంకుల మధ్య కూర్చుని ఏరాలి. అలా ఏరినా సగం సరుకు అప్పటికే పనికిరాకుండా పోయి ఉంటుంది. అదే పనిని బండి అతను మీ ఇంటి ముందే, సరుకు శుభ్రంగా ఉండగానే చేస్తాడు. పైగా మీకే డబ్బులిచ్చి తీసుకుపోతాడు.

2009 అక్టోబరు వరద గుర్తున్నవాళ్లు మీ కాలనీలో ఉంటే వాళ్లను అడగండి. తుంగభద్ర, హంద్రీ నీళ్లు పాతబస్తీ ఇళ్లలోకి వచ్చి పోయాక వీధుల నిండా తడిసిన బీరువాలు, మంచాలు, మిక్సీలు, బురద పట్టిన పుస్తకాలే. ట్రాక్టర్లు బురద ఎత్తుతుంటే, ఆ బురదలోంచి ఇనుము, సత్తు (అల్యూమినియం), ప్లాస్టిక్ ఏరి, కడిగి, ఆరబెట్టి మోసుకుపోయింది ఈ బండి వాళ్లే. వాళ్లలో చాలామంది ఇళ్లు కూడా అదే వరదలో మునిగాయి. వాళ్లు ఎత్తుకుపోయిన ప్రతి బండెడు సరుకూ ఆ ట్రాక్టర్లకు తగ్గిన బరువే. ఊరికి వాళ్లు చేసే పని రోజూ ఇదే, వరదలో అందరికీ కనిపించింది, అంతే.

ఇప్పుడు డబ్బు సంగతి. బండి అతను రేటు తక్కువ చెప్పగానే మోసం అనుకుంటారు. అతని లెక్క ఒకసారి చూడండి. చాలామందికి సొంత బండి ఉండదు, సొంత పెట్టుబడీ ఉండదు. బండి, కాటా, గోనె సంచులు అంగడివి. పొద్దున అంగడి అతను కొంత డబ్బు చేతికిస్తాడు, దాంతో వీధుల్లో కొనాలి. సాయంత్రం ఆ సరుకు అదే అంగడిలో వేయాలి. అంగడి అతను కట్టిన రేటులోంచి పొద్దున ఇచ్చిన డబ్బు, కొన్నిచోట్ల బండి బాడుగ కూడా పోగా మిగిలింది అతని కూలి. లెక్క కోసం ఇలా అనుకుందాం: మీ దగ్గర కిలో పది రూపాయలకు కొన్న పేపరు అంగడిలో పన్నెండుకు పోతుంది. రోజంతా తిరిగి యాభై కిలోలు దొరికితే మిగిలేది వంద రూపాయలు. పేపరు ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ఏ ఇంట్లోనో ఒక పాత మోటారు, ఇత్తడి బిందె, ఫ్యాను దొరికితేనే ఆ రోజు రోజులా ఉంటుంది. అందుకే మీ ఇంటి ముందు పేపరు తూస్తూ "అక్కా, ఇనుము గినుము ఏమన్నా ఉందా?" అని అడుగుతాడు. పొద్దున్నుంచి తిరిగిన తిరుగుడుకు కూలి గిట్టాలని అడిగే ప్రశ్న అది.

పైన ఇంకో రెండు మెట్లు ఉన్నాయి. మా అంగడి నుంచి పెద్ద గోడౌనుకు, అక్కడి నుంచి లారీ లోడుగా మిల్లులకు, ఫర్నేసులకు. ఇనుము ధర ఫర్నేసు వాడు ఫోనులో చెప్పిన మాటను బట్టి ఒక్క రోజులో మారుతుంది. 2024 అక్టోబరు 10 నుంచి ఇంకో మార్పు వచ్చింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహాల స్క్రాప్ కొంటే, ఆ పన్ను కొనే రిజిస్టర్డ్ వ్యాపారే కట్టాలి. అంత డబ్బు ముందే కట్టాల్సి వచ్చినప్పుడు పెద్ద వ్యాపారి కింద అంగడి దగ్గర రేటు తగ్గించి చూస్తాడు. అంగడి బండి దగ్గర తగ్గిస్తుంది. చివరికి ఆ తగ్గింపు కనిపించేది మీ గేటు దగ్గర, తిట్లు తినేది బండి అతను.

రేటు తేడాలు ఎందుకో తెలిస్తే బేరం కూడా మర్యాదగా సాగుతుంది. బండి అతని దగ్గర పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మీరొక పాత కొళాయి ఇచ్చారనుకోండి. పైన వెండిలా మెరుస్తుంటుంది. ముందు అయస్కాంతం పెడతాడు. అంటుకుంటే ఇనుము, కథ అయిపోయింది. అంటుకోకపోతే అసలు పని మొదలవుతుంది. చేతిలో వేసుకుని బరువు చూస్తాడు, మర కట్టిన అంచు దగ్గర ఆకురాయితో రెండు గీతలు గీస్తాడు. లోపల పసుపు కనిపిస్తే ఇత్తడి. బూడిద తెలుపు కనిపిస్తే జింకుతో పోత పోసింది, దాని ధర ఇత్తడి ధరకు చాలా దూరం. రెండు గీతలకు అర నిమిషం పట్టదు. మీరు పక్కన నిలబడి ఆ గీత చూశారంటే అతను చెప్పిన రేటు న్యాయమో కాదో మీకే తెలిసిపోతుంది.

స్టీలు గిన్నెలదీ ఇదే లెక్క. అయస్కాంతం అంటని మంచి స్టీలులో నికెల్ ఉంటుంది, అందుకే రేటు ఎక్కువ. గట్టిగా అంటుకునే స్టీలుకు తక్కువ. కుట్టుమిషన్ స్టాండు లాంటివి బీడు, అంటే పోత ఇనుము, దాన్ని మామూలు ఇనుములో కలపరు. డబ్బా రేకుకు కడ్డీ ఇనుము రేటు రాదు, ఎందుకంటే కరిగించేటప్పుడు పల్చటి రేకు, తుప్పు చాలా వరకు నష్టపోతాయి. సత్తు సామాన్లకు మాత్రం ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడంతో పోలిస్తే పాతది కరిగించడానికి దాదాపు 95 శాతం కరెంటు, ఇంధనం ఆదా అవుతాయి. మీరు చెత్తలో పారేసిన ఒక సొట్ట గిన్నె వెనక అంత శక్తి ఉంది. కుక్కరు ఇచ్చేటప్పుడు నల్లటి ప్లాస్టిక్ పిడి ఊడదీసి ఇవ్వండి, బరువు కోసే గొడవే ఉండదు. ప్లాస్టిక్‌లో నీళ్ల సీసాలు ఒక రకం, బకెట్లు, కుర్చీలు ఇంకో రకం, పీవీసీ పైపులు వేరే. కలిపి ఇస్తే అన్నింటికీ తక్కువ రకం రేటే వస్తుంది.

తూకం సంగతికి వస్తాను. మోసం చేసేవాళ్లు ఉన్నారు, లేరని నేను అనను. చేతిలో పట్టుకునే స్ప్రింగు కాటా ముల్లు సున్నా మీద లేకుండా మొదలుపెట్టడం, సంచి అడుగును మోకాలితో తేలిగ్గా ఆనించడం, కాటా ముఖం తమవైపు తిప్పుకుని గబుక్కున చదివేయడం, పేపరు కట్టలను నాలుగైదు విడతలుగా తూచి మధ్యలో లెక్క తప్పించడం, ఎక్కువగా జరిగేవి ఇవే. వీటికి మందు చాలా సులువు. ఇంట్లో విప్పని కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు మూడు ఉంటాయి కదా, తూకం మొదలుపెట్టే ముందు "ఇవి ఒకసారి పెట్టప్పా" అనండి. నిజాయితీగా ఉన్నవాడికి అందులో కోపం రావడానికి ఏమీ లేదు. సంచి నేలకూ, కాలికీ తగలకుండా వేలాడాలి. ప్రతి విడతా మీరే ఒక కాగితం మీద రాసుకోండి.

మీ అసోసియేషన్‌కు నిజంగా తూకం మీదే టెన్షన్ ఉంటే, వాచ్‌మన్ గది దగ్గర ఒక ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకోవచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నది కొనండి. వ్యాపారంలో వాడే ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ఆ మాత్రం ఖర్చుకు వెనకాడి బండినే ఆపేస్తే ఎలా?

దొంగతనం భయం గురించి. ఊళ్లో ఎక్కడ రాగి తీగ పోయినా, పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి చుట్టలు ఎత్తుకుపోయినా పోలీసులు మొదట వచ్చేది మా లాంటి అంగళ్లకే. రావాలి కూడా. దొంగసొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కేసు, రైల్వే సామాను అయితే దానికి 1966 నుంచి వేరే చట్టమే ఉంది. అందుకే నిలకడగా వ్యాపారం చేసుకునే ఏ అంగడి వాడూ ముక్కూమొహం తెలియనివాడు తెచ్చిన కాల్చిన రాగి తీగ ముట్టుకోడు. ఇచ్చినవాడి పేరు, ఆధార్ కాపీ పుస్తకంలో పెట్టుకుంటాడు. ఒకే వీధిలో ఏళ్ల తరబడి తిరిగే బండి అతనికి ఆ వీధే బతుకు. అక్కడ ఒక్క ఇంట్లో చెంబు పోయిందన్న మాట పుట్టినా అతనికి ఆ కాలనీ మొత్తం పోయినట్టే. మీరు భయపడాల్సింది ముఖం తెలియనివాళ్ల గురించి. గేటు మూసేస్తే తెలిసినవాడు రావడం మానేస్తాడు, తెలియనివాడికి గేటుతో పని లేదు.

బండి అతనికి ఇవ్వకూడనివి కొన్ని ఉన్నాయి. ఇక్కడ మాత్రం మీ అసోసియేషన్ కచ్చితంగా ఉండాలి. ఇన్వర్టరు, బైకు, కారు బ్యాటరీలలో సీసం, ఆసిడ్ ఉంటాయి. అవి కొత్త బ్యాటరీ కొనేటప్పుడు డీలరుకే ఇచ్చేయండి, పాతదాని విలువ కొత్తదాని ధరలో తగ్గిస్తారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారీదారులు వాటిని వెనక్కి తీసుకుని సరైన చోటికి చేర్చాలి. బండి మీద పడితే ఆసిడ్ ఏదో ఒక కాలువలో ఒంపేయడం ఖాయం. పాత బుడ్డి టీవీల గాజులో సీసం ఉంటుంది. వెనకవైపు మెడ దగ్గరున్న రాగి కోసం దాన్ని పగలగొడతారు, ఆ పొడి పీల్చేది ఆ మనిషే. ట్యూబ్‌లైట్లలో పాదరసం. ఉబ్బిన ఫోను బ్యాటరీ సంచిలో నలిగితే మండుతుంది, అట్టలు నిండిన బండి మీద అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. వీటన్నిటికీ మూడు నెలలకో, ఆరు నెలలకో ఒక రోజు పెట్టుకుని, ఈ-వ్యర్థాలకు అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఒకేసారి పంపండి. గ్యాస్ సిలిండరు ఎప్పుడూ అమ్మకూడదు, అది మీ సొత్తు కాదు, గ్యాస్ కంపెనీది. సిరంజీలు, సూదులు, పగిలిన గాజు పాత పేపర్ల మధ్య పెట్టి ఇవ్వకండి. మా అంగట్లో సరుకు విడదీసే ఆడవాళ్ల చేతులు చూస్తే ఎవరూ ఈ పని చేయరు. కరెంటు తీగలు ఇచ్చేటప్పుడు "కాల్చకుండా చీల్చి తియ్యి నాయనా" అని ఒక మాట చెప్పండి. పీవీసీ తొడుగు కాలిస్తే వచ్చే పొగ విషం, అది తగిలేది మొదట వాళ్ల పిల్లలకే.

ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు చించి ఇవ్వండి. పాత ఫోను, కంప్యూటరు ఇచ్చేముందు అందులో ఉన్నదంతా తుడిచేయండి. ఇది బండి అతని మీద అనుమానంతో చెప్పేది కాదు, ఆ కాగితం అతని తర్వాత ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు.

మీ మీటింగులో పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ఇంకో సంగతి. మా చిన్నప్పుడు కర్నూలు వీధుల్లో డబ్బులిచ్చే బండ్లు తక్కువ. "పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ" అని కేకేస్తూ వచ్చేవాళ్లు. ఉల్లి పండే జిల్లా, యార్డు మన ఊళ్లోనే, వాళ్లకు అదే చవకైన పెట్టుబడి. పిల్లలు విరిగిన చెప్పు, తుప్పు పట్టిన గొళ్లెం తెచ్చి బొరుగులు తీసుకునేవాళ్లు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్లు, చిక్కు వెంట్రుకలకు పిన్నులు ఇచ్చేవాళ్లు వేరు. 1953లో కర్నూలు రాజధాని అయ్యాక ఉద్యోగుల కోసం వచ్చిన క్యాంపుల్లో పేపరు చదివే ఇళ్లు ఎక్కువ కాబట్టి, పాత పేపర్ల బండ్లకు బీ క్యాంపు, సీ క్యాంపు మంచి బేరమని మా నాయన అనేవాడు. ఇప్పుడు పేపరు తగ్గింది, ఆన్‌లైన్ పార్సిళ్ల అట్టపెట్టెలు పెరిగాయి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం స్వచ్ఛ రథాలని తెచ్చి, పొడి చెత్త తీసుకుని బదులుగా సరుకులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డల బండి చేసిన పని సరైనదేనని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే కదా అని నాకు సంతోషం వేసింది.

చట్టం మాట ఎవరైనా ఎత్తితే ఇది చెప్పండి. కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లోనే (2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి), చెత్త ఏరుకునేవాళ్లనూ పాత సామాన్లు సేకరించేవాళ్లనూ గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు రాశారు. రీసైక్లింగుకు పనికొచ్చేవి అనుమతి ఉన్న సేకర్తలకో, రీసైక్లర్లకో ఇవ్వాలని కాలనీ సంఘాలకు కూడా రాశారు. అంటే కాలనీ చేయాల్సింది వాళ్లకు గుర్తింపు వచ్చేలా చూడడం, దూరంగా తోసేయడం కాదు.

కాబట్టి తీర్మానాన్ని ఇలా మార్చమనండి. మీ వైపు ఎప్పటినుంచో తిరిగే బండి వాళ్లలో ఇద్దరిని ఎంచుకోండి. ఒక్కడినే పెట్టుకుంటే రేటు అతను చెప్పిందే అవుతుంది, నలుగురైదుగురైతే ఎవరికీ గిట్టదు. వాళ్ల ఆధార్ కాపీ, ఫోను నంబరు, ఏ అంగడికి సరుకు వేస్తారో రాసుకుని, ఫోటోతో ఒక కార్డు ఇవ్వండి. వారానికి రెండు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా అని టైము పెట్టండి. మైకు వద్దంటే వద్దని చెప్పండి, టైము తెలిస్తే కేక అవసరమే ఉండదు. బండి నీడలో ఆపుకోవడానికి చోటు, తాగడానికి నీళ్లు చూపించండి. మన ఊరి ఏప్రిల్, మే ఎండల్లో బండి తోసేవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఈ-శ్రమ్ కార్డు, అంటే అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే కార్డు, లేకపోతే మీ పిల్లల్లో ఎవరైనా కూర్చుని ఆన్‌లైన్‌లో చేసిపెట్టండి, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను ఉంటే అయిపోతుంది.

పాత సామాన్లు కొనే యాప్ పెట్టుకుందామనే కుర్రవాళ్లను వద్దనకండి. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్ లాంటి పెద్ద సామాన్లకు యాప్ వాళ్లు బాగానే పనికొస్తారు. రెండు కిలోల పేపరు, నాలుగు సీసాలు, ఒక విరిగిన బకెట్ కోసం మీ గడప దాకా వచ్చేది మాత్రం బండి అతనే. దసరా, సంక్రాంతి ముందు ఇళ్లు సర్దేటప్పుడు సామాను ఒక్కసారిగా బయటపడుతుంది, అప్పుడు బండ్లు దొరకవు, రేటూ పడిపోతుంది. పండక్కి రెండు వారాల ముందే ఆ ఇద్దరికీ ఫోను చేసి, ఏ బ్లాకుకు ఏ రోజు రావాలో చెప్పి పెట్టుకోండి.